పాల లెక్క తప్పింది: ఒక అల్జీమర్స్ కేసు, అందులో జబ్బు కానివి

ప్రకాశం ప్రాంతంలో పొదిలి వైపు ఒక పల్లెకు చెందిన పెద్దావిడ కేసు ఇది. కొడుకూ కోడలూ సరేనన్నాకే రాస్తున్నాను. ఆమెనూ అడిగాను. "రాసుకోండి నాయనా, నాదేం పోయింది" అంది. ఊరు, బంధుత్వాలు, ఇంకొన్ని వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

ఒంగోలులో నరాల జబ్బులు చూసే డాక్టరుగా ఇలాంటి వాళ్ళు నాకు తరచూ కనిపిస్తారు. ఈమె గురించే ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆమెలో వచ్చిన మార్పులను ఇంట్లోవాళ్ళు మొదట వయసు అన్నారు. తర్వాత అది ఆమె గుణం అన్నారు. జబ్బు పేరు తెలిశాక ఇక ప్రతిదాన్నీ అల్జీమర్స్ అనే ఆ మతిమరుపు జబ్బు ఖాతాలో వేశారు. మూడూ పొరపాటే. ఈ జబ్బు చూసే డాక్టరు పనిలో సగం విడదీయడమే. కనిపిస్తున్న దాంట్లో అల్జీమర్స్ ఎంత, వేసుకుంటున్న మాత్రల వల్ల వచ్చింది ఎంత, చెవీ కన్నూ ఆనకపోవడం వల్ల ఎంత, భయం వల్ల ఎంత అన్నది తేల్చుకోవాలి. అల్జీమర్స్‌ను వెనక్కి తిప్పలేం. మిగతావాటిలో చాలావాటిని తిప్పగలం.

లెక్క ఎక్కడ తప్పింది

ఆమె బడి గడప తొక్కలేదు. భర్త పోయాక మూడు గేదెలు పెట్టుకుని, పాలు పోసి, ముగ్గురు పిల్లల్ని పెంచింది. వీధిలో పన్నెండు ఇళ్ళకు వాడుక. ఎవరింటికి ఏ రోజు పావు తగ్గింది, ఎవరింట్లో పండక్కి అర్ధలీటరు ఎక్కువ పోసింది, ఎవరు పోయిన నెల బాకీ ఇంకా ఇవ్వలేదు, అంతా నోటి లెక్కే. నెలాఖరున ఆమె చెప్పిన అంకె మీద ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదట.

ఆ లెక్కే మొదట తప్పింది. ఇద్దరు వాడుకదారులు ఒకే నెలలో "నిన్ననే ఇచ్చాం కదా పెద్దమ్మా, మళ్ళీ అడుగుతావేంది" అన్నారు. కొడుకు దాన్ని వాళ్ళ మోసం అనుకుని వీధిలో గొడవ పెట్టుకున్నాడు. నా దగ్గరకు రావడానికి రెండేళ్ళకు పైగా ముందు జరిగిన సంగతి ఇది. చదువు లేనివాళ్ళలో మతిమరుపు ఆలస్యంగా బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. వాళ్ళు రోజూ తలతో చేసే పని ఏమిటో అడిగితే త్వరగానే తెలుస్తుంది. కాగితం మీద లెక్క రాసుకునే మనిషికి కాగితం ఆసరా ఉంటుంది, ఈమెకు అదీ లేదు.

తర్వాతివి మామూలుగా వినేవే. అడిగిందే అడగడం, కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం. ఒకరోజు పొదిలి బస్టాండులో దిగి, ముప్పై ఏళ్ళుగా వెళుతున్న కొట్టుకు దారి తెలియక నిలబడిపోయింది. తెలిసిన ఆటో అబ్బాయి చూసి ఇంటికి చేర్చాడు. "అరవై దాటాక అందరికీ ఉండేదే" అనుకున్నారు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోవడం వయసుతో రావచ్చు. తెలిసిన దారి తెలియకపోవడం, చేతిలో పని చేయడం రాకపోవడం వయసు కాదు. అప్పుడే చూపించుకోవాలి.

కోడలి మీద నింద

వాళ్ళు నా దగ్గరకు వచ్చింది మతిమరుపు గురించి కాదు. "రాత్రంతా పెట్టె సర్దుతుంది సార్, నిద్ర లేదు. కోడలు డబ్బు తీసిందని అందరికీ చెప్తోంది. గట్టి నిద్రమాత్ర రాయండి" అన్నాడు కొడుకు.

జరిగింది ఇది. ఆమె పింఛను డబ్బును రొంటిన దోపుకునే వక్కాకు సంచిలో పెట్టుకునేది. పోతుందేమోనని భయం మొదలై దాన్ని బియ్యం డబ్బాలో, చాప కింద, గడ్డివాము దగ్గర దాచేది. దాచిన సంగతి గుర్తుండదు. సంచి చూసుకుంటే ఖాళీ. ఇంట్లో ఉండేది కోడలే కాబట్టి తీసింది కోడలే. పదే పదే వీధిలో చెప్పింది. పెద్దమనుషులు కూర్చుని, కోడల్ని గుడి ముందు ప్రమాణం చేయమన్నారు. ఆ అమ్మాయి ప్రమాణం చేసి, అదే రోజు పిల్లల్ని తీసుకుని దర్శి దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. నెల దాటాక, అత్త స్నానం కూడా సరిగా చేయడం లేదని తెలిసి, తనంతట తనే తిరిగొచ్చింది.

ఈ అపవాదు జబ్బు లక్షణం. జ్ఞాపకంలో ఏర్పడిన ఖాళీని మెదడు ఒక కథతో పూడ్చుకుంటుంది. వస్తువు లేదు, నేను తీయలేదు, కాబట్టి ఎవరో తీశారు. ఆ ఎవరో ఎప్పుడూ దగ్గరుండి చూసుకునే మనిషే అవుతారు. ఈ జబ్బును మొదట వర్ణించిన కేసులోనూ ఇదే ఉంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో 1901లో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు ఆగస్టా డీటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని పరీక్షించాడు. ఆమెలో మొదట కనిపించింది భర్త మీద అనుమానం. ఆ తర్వాతే మతిమరుపు. వస్తువులు మోసుకుని తిరుగుతూ దాచేదని కూడా ఆయన రాశాడు. ఆమె 1906లో చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో చూసి, అదే ఏడాది నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో వివరించాడు. నూటపాతికేళ్ళ కిందట ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాసి పెట్టిన లక్షణానికి ఈరోజు మన పల్లెలో ఒక కోడలు గుడి ముందు ప్రమాణం చేయాల్సి వచ్చింది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మొదటి రోజు కోడలితో విడిగా మాట్లాడాను. అత్త ముందు, మొగుడి ముందు ఆమె నోరు విప్పదు. అసలు వివరాలు ఆమె దగ్గరే ఉన్నాయి: ఏ నెలలో ఏది మొదలైంది, రోజులో ఏ వేళ ఎక్కువ, ఏ మాత్ర వేశాక ఎలా ఉంది. ఈ జబ్బులో రోగి చెప్పేదానికంటే దగ్గరున్నవాళ్ళు చెప్పేదే నిర్ధారణకు ఆధారం.

పరీక్ష

ముందు వయసు తేల్చాలి. ఆధార్‌లో 1950 జనవరి 1 ఉంది. మన పల్లెల్లో సగం మంది పెద్దవాళ్ళు జనవరి 1నే పుట్టినట్టుంటుంది. "దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నీ పెద్దబిడ్డ ఎంతమ్మా?" అని అడిగాను. "చంకలో ఉంది నాయనా, పాలు తాగతా ఉంది. ఇంటి మీద రేకులు ఎగిరిపొయ్యాయి" అని, ఆ రాత్రి గురించి కళ్ళకు కట్టినట్టు చెప్పింది. అది 1977 నవంబరు. పదిహేడేళ్ళకు పెళ్ళి, పద్దెనిమిది పంతొమ్మిదికి కాన్పు అనుకుంటే నేను చూసేనాటికి ఆమెకు అరవై అయిదు, అరవై ఆరు. కాగితం ప్రకారం డెబ్భై మూడు. ఈ తేడా చిన్నది కాదు. మెదడు స్కాన్‌లో కనిపించే కుంగుదల వయసుకు తగినదేనా, ఎక్కువా అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

ఉప్పెన అంత బాగా చెప్పిన మనిషికి ఆ పొద్దున ఏం తిన్నదో తెలియలేదు. "అన్నీ గుర్తున్నాయి సార్, చిన్నప్పటివి కూడా" అని కొడుకు ధైర్యం తెచ్చుకున్నాడు. అల్జీమర్స్‌లో పాత జ్ఞాపకాలు చాలాకాలం నిలుస్తాయి. కొత్తదాన్ని నిల్వ చేసే చోటే ముందు దెబ్బతింటుంది.

ముప్పై మార్కుల ఇంగ్లీషు ప్రశ్నాపత్రాన్ని తెలుగులోకి మార్చి చదువు రానివాళ్ళ మీద ప్రయోగిస్తే అందరికీ డిమెన్షియా, అంటే మతి క్షీణించే పరిస్థితి, ఉన్నట్టే తేలుతుంది. వాక్యం రాయమంటే, గడియారం బొమ్మ గీయమంటే ఈమె ఏం చేస్తుంది? మన భాషలకూ, చదువు రానివాళ్ళకూ తగ్గట్టు భారత వైద్య పరిశోధనా మండలి వాళ్ళు పరీక్షలు తయారుచేశారు, అందులో తెలుగూ ఉంది. దాంతోపాటు నేను రోజువారీ సంగతులు అడుగుతాను. తేదీ అడగను. సంక్రాంతి అయిందా, రావాలా? పొలంలో ఇప్పుడేం ఉంది? పింఛను ఇచ్చి ఎన్నాళ్ళయింది? ఆమె సంక్రాంతి అయిపోయిందంది. అప్పటికి ఇంకా దసరా రాలేదు. వంద నోటిచ్చి ముప్పై ఆరు రూపాయల సరుకు కొంటే ఎంత రావాలంటే, పన్నెండు ఇళ్ళ లెక్క నోటితో చెప్పిన మనిషి "నువ్వే చెప్పు నాయనా" అంది. అగ్గిపుల్లలతో ఇల్లు ఆకారం పేర్చి అలాగే పెట్టమంటే రెండు పుల్లలు పక్కపక్కన పెట్టి ఆగిపోయింది. ఒక నిమిషంలో తెలిసిన కూరగాయలన్నీ చెప్పమంటే అయిదు చెప్పి, అందులో వంకాయ మళ్ళీ మళ్ళీ అంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. చింతపండు, గడప, ఆవు అని మూడు మాటలు చెప్పి, ఆమె చేత అనిపించి, అయిదు నిమిషాల తర్వాత అడిగాను. ఒక్కటీ రాలేదు. "ఒకటి పులుసులో వేసేది" అని అందించినా రాలేదు. పైగా "మీరేం చెప్పలేదే" అంది. దిగులు వల్ల వచ్చిన మతిమరుపులో సాధారణంగా ఇలా అందిస్తే గుర్తొస్తుంది. ఇక్కడ మాట లోపల చేరనే లేదు.

నడక బాగుంది. చేతులు వణకడం, బిగుసుకుపోవడం లేవు. లేని మనుషులు కనబడడం ఆనాటికి లేదు. ఇవి ఉంటే లూయీ బాడీ డిమెన్షియా అనే వేరే జబ్బును అనుమానించాలి. ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోయిన చరిత్ర లేదు. కానీ మూడు సంగతులు కనిపించాయి. మాట్లాడుతుండగానే కునుకు పడుతోంది. రెండు చెవులూ సరిగా వినపడవు, పైగా గులిమితో మూసుకుపోయి ఉన్నాయి. కుడి కంట్లో శుక్లం ముదిరింది.

సంచిలోంచి మాత్రలన్నీ బల్ల మీద పోయించాను. ఇది ప్రతి కేసులో చేయాల్సిన పని, చీటీ చూస్తే సరిపోదు. షుగరుకు పదేళ్ళుగా మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్. బీపీ మాత్ర. ఇవి కాక, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఆల్ప్రజోలమ్, రోజూ రాత్రి. మూత్రం ఆగడం లేదంటే ఎవరో రాసిన ఆక్సీబ్యుటినిన్. జలుబు చేసినప్పుడల్లా ఒక మాత్ర. ఆల్ప్రజోలమ్ నిద్ర తెప్పిస్తుంది, కానీ ఈ వయసులో జ్ఞాపకాన్ని మొద్దుబార్చుతుంది, పడిపోయేలా చేస్తుంది. ఆక్సీబ్యుటినిన్, కొన్ని జలుబు మాత్రలు మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. అల్జీమర్స్‌లో ముందే తగ్గిపోయేది ఆ రసాయనమే.

రక్తపరీక్షల్లో థైరాయిడ్, కిడ్నీ, సోడియం బాగున్నాయి. బీ12 విటమిన్ 132 పికోగ్రాములే ఉంది, 200 పైన ఉండాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో ఇది తగ్గుతుంది, ఎవరూ చూడరు. ఎమ్మారైలో తలలో రక్తం గడ్డ, నీరు చేరడం, కణితి లేవు. రెండువైపులా హిప్పోక్యాంపస్ అనే, కొత్త జ్ఞాపకాలను నిల్వ చేసే భాగం ఆమె అసలు వయసుకు ఉండాల్సిన దానికంటే బాగా కుంగిపోయింది.

నిర్ధారణ

డిమెన్షియా, అల్జీమర్స్ ఒకటేనా అని కొడుకు అడిగాడు. జ్వరం ఉంది అన్నట్టు డిమెన్షియా ఒక పరిస్థితి, మలేరియా అన్నట్టు అల్జీమర్స్ దానికి ఒక కారణం అని చెప్పాను. పక్షవాతాలు, లూయీ బాడీ జబ్బు, ఇంకా చాలా కారణాలున్నాయి. అన్నిటిలో 60 నుంచి 70 శాతం దాకా అల్జీమర్సే. మెదడు కణాల మధ్య అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది, కణాల లోపల టౌ అనే మరో ప్రోటీన్ చిక్కుపడుతుంది, కణాలు చనిపోతాయి. పాల లెక్క తప్పడానికి పదిహేను ఇరవై ఏళ్ళ ముందే ఇది మొదలై ఉంటుంది. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ.

జ్ఞాపకం నిల్వ కాకపోవడం, దారి తప్పడం, లెక్క పోవడం, రెండేళ్ళకు పైగా మెల్లగా ముదరడం, ఎమ్మారై తీరు, ఇవన్నీ కలిపి అల్జీమర్స్ అనే చెప్పాను. తీవ్రతను కొలిచే సీడీఆర్ స్కేలులో 1, అంటే తేలికపాటి దశ. అమిలాయిడ్‌ను చూపే పెట్ స్కాన్ చేయించలేదు. అంత ఖర్చు పెట్టినా ఆమె వైద్యంలో మారేదేమీ లేదు. లెకానెమాబ్, డోనానెమాబ్ అనే కొత్త ఇంజెక్షన్ల గురించి హైదరాబాదులో ఉన్న చిన్నకూతురు ఫోనులో అడిగింది. అమెరికాలో 2023లో, 2024లో వాటికి అనుమతి వచ్చింది. అవి అమిలాయిడ్‌ను తీసేస్తాయి, జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి, పోయిన జ్ఞాపకాన్ని తేవు. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి పదేపదే ఎమ్మారై చేస్తుండాలి. బాగా తొలిదశవాళ్ళకే ఉద్దేశించినవి. పొలం తాకట్టు పెట్టయినా చేయిస్తామంది ఆ అమ్మాయి. వద్దన్నాను. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

ముందు తీసేసినవి

మొదటి మూడు నెలలు అల్జీమర్స్‌కు ఏ మందూ మొదలుపెట్టలేదు. ఆక్సీబ్యుటినిన్ ఆపించి, రెండు మూడు గంటలకోసారి కోడలు బాత్రూముకు తీసుకెళ్ళేలా చెప్పాను. ఆల్ప్రజోలమ్ ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. వారాల మీద కొంచెం కొంచెం తగ్గించాం. బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. చెవులు శుభ్రం చేయించి వినికిడి యంత్రం పెట్టించాం. శుక్లం ఆపరేషన్‌కు కోడలు పక్కనే ఉండేలా కంటి డాక్టరుతో మాట్లాడాను.

గ్లిమిపిరైడ్ తీసేయడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మాత్ర వేసుకుని తిన్నానో లేదో గుర్తులేని మనిషికి ఇది ప్రమాదం. ఒక సాయంత్రం ఆమెకు చెమటలు పట్టి, మాట తడబడి పడిపోతే జబ్బు ముదిరిందనుకున్నారు. కోడలు పంచదార నీళ్ళు తాగించాక లేచింది. అంటే అది షుగరు పడిపోవడం. డిమెన్షియా ఉన్నవాళ్ళలో షుగరు కొంచెం ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు, తగ్గకూడదు.

మూడు నెలలకు ఆమె చాలా మారింది. పగటి కునుకు పోయింది. పిలిస్తే పలుకుతోంది, వీధిలోవాళ్ళతో మాట్లాడుతోంది. కొడుకు సంతోషంగా "నయమైపోయింది సార్, అల్జీమర్స్ కాదేమో" అన్నాడు. మళ్ళీ మూడు మాటలు చెప్పి అయిదు నిమిషాల తర్వాత అడిగాను. ఒక్కటీ రాలేదు. పైన కప్పుకున్నవి తొలగాయి, అడుగున ఉన్న జబ్బు అలాగే ఉందని అప్పుడు చెప్పాను. ఆ జబ్బు పోదని మొదటి రోజే చెబితే అంతా జబ్బే అనుకుని వదిలేసేవాళ్ళు.

ఈసీజీ తీసి, గుండె వేగం బాగుందని చూసుకుని డోనెపిజిల్ అనే అల్జీమర్స్ మందు 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. పొద్దునే వేయమన్నాను, రాత్రి వేస్తే పీడకలలు వస్తాయి. ఇది జబ్బును ఆపదు. ఉన్న ఎసిటైల్‌కోలిన్ కొంచెం ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది, కొందరిలో కొంతకాలం పనులు చేసుకునే శక్తి నిలుస్తుంది. 10 మిల్లీగ్రాములకు పెంచితే విరేచనాలై బరువు తగ్గింది. తిరిగి 5కే వచ్చాం.

ఇంట్లో మార్చినవి

డబ్బు పోయిందన్నప్పుడు "నేను తీయలేదు" అని కోడలు వాదించేది. అది సహజం, కానీ ఆ వాదనతో ముసలామెకు భయమే పెరిగేది. వాదించకుండా "అయ్యో, పద అత్తా, ఇద్దరం వెతుకుదాం" అనమన్నాను. పది రూపాయల నోట్లు కొన్ని పెట్టిన రెండో వక్కాకు సంచి, అచ్చం అలాంటిదే, కోడలి దగ్గర ఉంచుకోమన్నాను. వెతుకుతుండగా అది దొరుకుతుంది. ఇది మోసం కాదా అని కొడుకు అడిగాడు. భయపడుతున్న మనిషికి ముందు భయం పోవాలి, నిజం నిరూపించడం వల్ల ఆమెకు కలిగే మేలు లేదు అన్నాను. కోపం తగ్గించే మాత్రలు (యాంటీసైకోటిక్స్) ఈ దశలో రాయలేదు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఆ మాత్రలు మరణాలను పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది. వేరే దారి లేనప్పుడు, తక్కువ మోతాదులో, తక్కువ కాలం వాడాల్సినవి అవి.

గేదెల్ని అమ్మేద్దామనుకున్నారు. ఒక్కదాన్ని ఉంచమన్నాను. లెక్క పోయినా చేతికి వచ్చిన పని అంత త్వరగా పోదు, దాన్ని దాచుకునే మెదడు భాగాలు వేరు. ఆమె అప్పటికీ గొంతుక్కూర్చుని పొదుగు కడిగి పాలు పితికేది. డబ్బు వ్యవహారం కోడలిది. పొద్దునే కల్లాపి చల్లడం, చింతపండులో గింజలు తీయడం, మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా పడుకోకుండా ఏదో ఒక పని. పొద్దుగూకేసరికి చిరాకు ఎక్కువయ్యేది కాబట్టి చీకటి పడకముందే లైట్లు వేయమన్నాను. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి ఉంచడం, గాజుకు ఫోన్ నంబరు కట్టడం, ఊరి సెంటర్‌లో టీ కొట్టు వాళ్ళకూ ఆటోవాళ్ళకూ చెప్పి ఉంచడం చేశారు. ఊరంతా తెలిస్తే పరువు పోతుందని మొదట కొడుకు ఒప్పుకోలేదు. తర్వాత ఆమె పుట్టింటికని రెండుసార్లు బయల్దేరితే తీసుకొచ్చింది ఆ ఆటోవాళ్ళే.

"అమ్మ ఎదురుచూస్తా ఉంటది, పోవాల" అనేది సాయంత్రాలు. మీ అమ్మ చచ్చిపోయి ముప్పై ఏళ్ళయిందని చెబితే ప్రతిసారీ కొత్తగా ఏడ్చేది. ఆ వార్త చెప్పడం మాని, మీ అమ్మ ఏం వండేదని అడగమన్నాను. చేపల పులుసు గురించి మొదలుపెట్టి, బయల్దేరిన సంగతి మరిచిపోయేది.

వంతులు

ఏడాది తర్వాత కూతుళ్ళిద్దరూ వచ్చారు, ఒకరు నెల్లూరు నుంచి, ఒకరు హైదరాబాదు నుంచి. కొత్త మనుషులు, చుట్టాలు వచ్చినప్పుడు ఈ జబ్బు ఉన్నవాళ్ళు కొన్ని గంటలు చక్కగా మాట్లాడతారు. "అమ్మ బాగానే ఉంది, వదినే ఏదో చేస్తోంది" అనుకున్నారు ఇద్దరూ. దానికి పరిష్కారంగా మన ఇళ్ళల్లో మామూలుగా చేసేదే అన్నారు: వంతులేసుకుందాం, తలా రెండు నెలలు పెట్టుకుందాం.

ముగ్గుర్నీ కోడలితో సహా కూర్చోబెట్టాను. ఈ జబ్బులో అమ్మకు వంతులు వద్దని గట్టిగా చెప్పాను. ఆమెకు దారి తెలిసిన ఇల్లు ఒక్కటే. గోడ, గేదె, బాత్రూము ఎటున్నదీ కాళ్ళకు తెలుసు, తలకు తెలియకపోయినా. హైదరాబాదు అపార్ట్‌మెంటులో ఆమె రాత్రి లేచి బాత్రూము అనుకుని మెట్ల వైపు వెళుతుంది. వంతులు వేసుకోవాల్సింది పిల్లలు. అమ్మ కదలదు, మీరు రండి అన్నాను. వంతు అంటే వచ్చి చూసి వెళ్ళడం కాదు, రాత్రులు ఆమె పక్కన పడుకోవడం, స్నానం చేయించడం. ఆ రోజుల్లో కోడలు ఇంట్లో ఉండకూడదు, పుట్టింటికి వెళ్ళాలి.

కోడలి బీపీ ఆరోజు 150/96. పదకొండు కిలోలు తగ్గింది. "ఒకసారి కోపం ఆపుకోలేక చెయ్యి విదిలించాను సార్, నాకు పాపం తగులుతుంది" అని ఏడ్చింది. అందరి ముందే చెప్పాను: దొంగతనం మాట జబ్బు అన్న మాట, ఈ అమ్మాయి తీయలేదు, ఎప్పుడూ తీయలేదు. ఆ మాట డాక్టరు నోటి నుంచి, ఆడబిడ్డల ముందు, మొగుడి ముందు ఆమె వినాలి. మందు చీటీ మీద కూడా రాశాను. ఆ తర్వాత నెల్లూరు కూతురు రెండు నెలలకోసారి పదిరోజులు వచ్చి ఉంటోంది. హైదరాబాదు కూతురు అంతగా రాలేదు, డబ్బు పంపుతుంది. దానికి ఆ అమ్మాయిని తప్పు పట్టలేను. దగ్గర ఎవరూ లేనివాళ్ళకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మానసికంగా నలిగిపోతున్న సంరక్షకులకు టెలీ మానస్ 14416 ఉన్నాయి. కోడలికి రెండో నంబరు ఇచ్చాను, వాడుకుంది.

అదే రోజు ఇల్లు రాయించే సంగతి కూడా ఎత్తాను. వీలునామా చెల్లాలంటే రాసేనాటికి మనసు స్థిమితంగా ఉండాలని చట్టం. తేలికపాటి దశలో తన ఆస్తి ఏమిటో, ఎవరికి ఇవ్వాలనుకుంటోందో ఆమె పొద్దుటిపూట స్పష్టంగా, వేర్వేరు రోజుల్లో ఒకేలా చెప్పింది. అప్పుడే చేయించారు. ఆలస్యం చేసి, ఏమీ తెలియని మనిషి వేలిముద్ర పట్టుకునే తగాదాలు నేను చాలా చూశాను.

రెండు రోజుల్లో తిరగబడింది

మరుసటి ఏడు రోహిణి కార్తెలో ఫోన్ వచ్చింది. రెండు రోజుల నుంచి గోడ మీద పిల్లలు ఎక్కుతున్నారంటోంది, కోడల్ని గుర్తుపట్టడం లేదు, రాత్రంతా కేకలు. "జబ్బు ఆఖరికి వచ్చింది సార్" అన్నాడు కొడుకు. నిద్ర ఇంజెక్షన్ వేయించమని బంధువుల ఒత్తిడి.

అల్జీమర్స్ రెండు రోజుల్లో ముదరదు. నెలల మీద, ఏళ్ళ మీద ముదురుతుంది. హఠాత్తుగా వచ్చిన మార్పుకు వేరే కారణం వెతకాలి. తీసుకొచ్చి చూస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు లేదు, సోడియం 124కు పడిపోయింది, మలబద్ధకం. నలభై డిగ్రీలు దాటిన ఎండలో దాహం తెలియని మనిషికి ఎవరూ నీళ్ళు అందించలేదు. ఇది డెలీరియం, అంటే ఒంట్లో తేడా వల్ల హఠాత్తుగా వచ్చే మతి గందరగోళం. చేతులు కట్టకుండా, కోడలు పక్కనే ఉండేలా, కళ్ళజోడు, వినికిడి యంత్రం పెట్టి, యాంటీబయాటిక్, నిదానంగా సోడియం సరిచేయడం. అయిదో రోజుకు కోడలిని గుర్తుపట్టింది. పూర్తిగా మునుపటిలా అయితే కాలేదు. ఇలాంటి ఒక్కో దెబ్బా జబ్బును కొంత ముందుకు తోస్తుంది. ఇప్పుడు ఎండాకాలమంతా గంటకోసారి మజ్జిగో నీళ్ళో అందించడం కోడలి కొడుకు పని, వాడికి పన్నెండేళ్ళు.

మాకూ వస్తుందా

పెద్దకూతురు ఒంటరిగా ఉన్నప్పుడు అడిగింది. తల్లికి ఉంటే బిడ్డలకు అవకాశం కొంత పెరుగుతుంది, రాసి పెట్టి ఉన్నట్టు కాదు. జన్యుపరీక్ష వద్దన్నాను, తెలుసుకుని చేయగలిగేది ఏమీ లేదు. చేయగలిగేవి వేరే ఉన్నాయి. మార్చుకోదగిన 14 కారణాలను సరిచేసుకుంటే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపవచ్చు, లేదా వాయిదా వేయవచ్చని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో లెక్కగట్టింది. నడివయసు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, వినికిడి లోపం, చూపు తగ్గడం, పొగ, తాగుడు, కదలకుండా ఉండడం, ఒంటరితనం, చదువు లేకపోవడం, తలకు దెబ్బలు అందులో ఉన్నాయి. ఆ కూతురికి బీపీ చూస్తే 164/100. మాత్ర మొదలుపెట్టాను. చీమకుర్తి క్వారీలో మోటారు చప్పుళ్ళ మధ్య పనిచేసే కొడుక్కి వినికిడి పరీక్ష చేయించి, చెవులకు రక్షణ పెట్టుకోమన్నాను. బీడీ మానమని చెప్పాను. తగ్గించాడు, మానలేదు.

ఇప్పుడు

సీడీఆర్ 2, మధ్య దశ. డోనెపిజిల్‌కు మెమాంటిన్ అనే మరో మందు కలిపాం. పాలు పితకడం పోయిన వేసవి తర్వాత ఆగిపోయింది, గేదె దగ్గర కూర్చుంటుంది. స్నానం, బట్టలు కోడలే. కొడుకు పేరు తప్పిపోతోంది. కోడల్ని ఒక్కోసారి తన చెల్లెలు అనుకుంటుంది, ఆ పేరుతోనే పిలుస్తుంది, ఆమె పలుకుతుంది. డబ్బు గురించిన నింద దాదాపు ఆగింది.

రాబోయే రోజుల గురించి కొన్ని మాటలు మిగిలి ఉన్నాయి. మింగడం కష్టమయ్యే దశ వస్తుంది. అప్పుడు ముక్కులో గొట్టం వేయాలా అన్న ప్రశ్న వస్తుంది. ముదిరిన డిమెన్షియాలో గొట్టం ఆయుష్షు పెంచుతుందని గానీ న్యుమోనియాను ఆపుతుందని గానీ ఆధారాలు లేవు. కూర్చోబెట్టి, మెత్తగా చేసి, ఓపిగ్గా నోటికి అందించడమే మేలు. ఆసుపత్రిలో, అర్ధరాత్రి, టెన్షన్‌లో ఆ నిర్ణయం తీసుకోకూడదు కాబట్టి వచ్చే నెల నెల్లూరు కూతురు వంతు మీద వచ్చినప్పుడు నలుగురితో ఈ సంగతి మాట్లాడాలని పెట్టుకున్నాం. పడకపుండ్లు రాకుండా ఎలా తిప్పాలో ఆ రోజే నర్సు చూపిస్తుంది.